కృతజ్ఞతలు చెల్లించవచ్చా?

సందేహం: కొత్త ఇంట్లో చేరిన సందర్భంగా కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. కార్డు మీద 'దేవునికి కృతజ్ఞతలు చెల్లించుటకు' అని వేయించాం. మా తమ్ముడు చూసి, కృతజ్ఞత మనసులో ఉండే గుణం, దానికి బహువచనం ఏమిటి, అప్పు తీర్చినట్టు చెల్లించడం ఏమిటి, 'ధన్యవాదాలు' అని వేయించాల్సింది అన్నాడు. ఏది ఒప్పు? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, బహువచనం దగ్గర మీ తమ్ముడి మాటలో కొంత న్యాయం ఉంది, 'చెల్లించడం' దగ్గర లేదు. ఆ రెండిటి కంటే ముందు అసలు మాట సంగతి చూడాలి.

కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు, సర్వజ్ఞుడు, శాస్త్రజ్ఞుడు అన్నప్పటి జ్ఞ అదే. తనకు ఒకరు చేసినదాన్ని ఎరిగి ఉన్నవాడు కృతజ్ఞుడు. చూడండి, ఈ మాటలో చేతులు జోడించడం లేదు, నోటితో చెప్పడం లేదు, ఉన్నదల్లా ఎరుక. దీనికి ఎదురుమాట కృతఘ్నుడు, అందులోని ఘ్న శత్రుఘ్నుడిలో ఉన్నదే, చంపేవాడు అని అర్థం. చేసిన మేలు మరిచిపోతే దాన్ని చంపినట్టే అని ఆ మాట కట్టినవాళ్లు అనుకున్నారన్నమాట! వాల్మీకి నారదుణ్ణి అడిగిన గుణాల్లో కృతజ్ఞత ఒకటి, తర్వాత రాముడి గురించి చెబుతూ ఒక్క ఉపకారం చాలు ఆయనకు తృప్తి, నూరు అపకారాలైనా గుర్తుపెట్టుకోడు అంటాడు. అక్కడా కొలత జ్ఞాపకమే.

ఇప్పుడు మీ బైబిలు తీయండి. 103వ కీర్తన రెండో వచనం: "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము". ఉపకారంలోనూ కృతంలోని 'కృ' ధాతువే ఉంది. అందులో నాకు బాగా ఇష్టమైన మాట 'దేనిని'. కీర్తన రాసినవాడు మరువకుము అని ఊరుకోలేదు, ఆ వెంటనే దోషాలు క్షమించాడు, సంకటాలు కుదిర్చాడు అని ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది, కానీ ఆ పల్లవికి ముందు ఆకాశం చేయడం, ఎర్రసముద్రాన్ని పాయలు చేయడం, అరణ్యంలో నడిపించడం, ఇలా చేసిన పని పేరు పెట్టి చెప్పాడు. ఈ రోజుల్లో కూడికల్లో పది నిమిషాల పాటు 'థ్యాంక్యూ లార్డ్' అంటారు గానీ దేనికో ఒక్కసారీ చెప్పరు, కృతం లేకుండా కృతజ్ఞత ఎక్కడినుంచి వస్తుంది? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఏ పెద్దావిడో లేచి, ఆషాఢంలో మనవడికి జ్వరం ఎన్నాళ్లు తగ్గలేదో, ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్లారో వరసగా చెప్పి కూర్చుంటుంది చూశారా, ఆవిడకు వ్యుత్పత్తి తెలియకపోవచ్చు, మాటను మాత్రం పూర్తిగా వాడింది.

ఇక బహువచనం. మంచితనాలు అనం కదా, అలాగే కృతజ్ఞతలు అనడం కూడా కాస్త ఎబ్బెట్టే. పాత అనువాదకులు "కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్నారు, ఎంత జాగ్రత్తగా అన్నారో గమనించండి. అక్కడ బహువచనం స్తుతులది, చెల్లించేదీ స్తుతులనే. మనం వాడుకలో ఆ తోక కోసేసి 'లు' మాత్రం ఉంచుకున్నామేమో అని నా ఊహ. అయినా అందరి నోటా నలిగిన మాట, తప్పు అని కొట్టేయలేను.

చెల్లించడానికి అప్పే ఉండనక్కర్లేదు, మొక్కు కూడా చెల్లిస్తాం. 116వ కీర్తనలో "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" అని అడిగినవాడు, మరుసటి వచనంలో ఏదో ఇస్తాననలేదు, రక్షణపాత్రను చేత పుచ్చుకుంటాను అన్నాడు, ఆ తర్వాతే మ్రొక్కుబళ్లు చెల్లిస్తానన్నాడు. అప్పు తీర్చేవాడి వరస కాదిది. కాబట్టి ఆ క్రియను నిశ్చింతగా వాడుకోండి.

ధన్యవాదం అంటే 'నువ్వు ధన్యుడివి' అని పలకడం, సభల్లో సరిపోతుంది, దేవుడి దగ్గర నాకెందుకో పొసగదు, వాడేవాళ్లతో పోట్లాడను. స్తోత్రం పొగడ్త, వందనం నమస్కారం, ఈ రెండిటికీ జ్ఞాపకంతో నేరుగా సంబంధం లేదు.

కార్డు మళ్లీ వేయిస్తే 'కృతజ్ఞతాస్తుతులు' అని వేయించండి, కుదిరితే దేవుడు మీకు ఏ మేలు చేశాడో ఒక్క వాక్యం దాని కింద చేర్చండి. 'కృతజ్ఞుతలు' అని అచ్చు పడిన కార్డులు చాలా చూశాను, అక్కడ జ్ఞకు కొమ్ము రాదు, ప్రూఫు మీరే చూసుకోండి.