కళ్లజోడు పారేసుకున్నానా, పోగొట్టుకున్నానా?

సందేహం: మాది కావలి. నాకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. కళ్లజోడు, తాళంచెవులు, సెల్‌ఫోను ఎక్కడో పెట్టడం, ఆనక ఇల్లంతా వెతకడం రోజూ ఉన్నదే. మొన్న ‘కళ్లజోడు పారేసుకున్నా’ అన్నాను. మా కోడలిది ఒంగోలు. ‘పారేసుకోవడమేంది మామయ్యా, చెత్తబుట్టలో వేశారా? పోగొట్టుకున్నా అనాలి’ అంది. ఏది సరి? మనవడు తన పుస్తకంలో ‘మరపు’ అని ఉందంటాడు, మేమంతా ‘మరుపు’ అంటాం. ఇక ‘మతిమరుపు’ అనే మాట వింటే నాకు మతి పోయిందన్నట్టు మనసు చివుక్కుమంటుంది. దానికి బదులు వేరే మాట ఉందా? బెంగళూరులో ఉండే మా వియ్యంకుడు కన్నడంలో ‘అరవత్తక్కె అరళు మరళు’ (అరవై వస్తే మతి తప్పుతుంది) అని నన్ను ఆటపట్టిస్తాడు. ఆ మరళు మన మరుపేనా?

సమాధానం: మీ కోడలి తర్కం బాగానే ఉంది. కాకపోతే దాన్నే గట్టిగా పట్టుకుంటే ఆమె చెప్పిన ‘పోగొట్టుకున్నా’ కూడా నిలవదు. పోగొట్టడం మాత్రం తెలియక చేసే పనా? దాహం పోగొడతాం, పిల్లల భయం పోగొడతాం, బట్టకు అంటిన మరక పోగొడతాం. అన్నీ కావాలని చేసేవే. పారేయడం ఎంత బుద్ధిపూర్వకమో పోగొట్టడమూ అంతే. అర్థాన్ని మార్చేది ఆ రెండు క్రియలకూ చివర చేరిన ‘కొను’.

దీన్ని వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. చేసిన పని ఫలితం చేసినవాడికే చెందుతుందని ఇది చెబుతుంది. ఆ ఫలితం మంచిదైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు. ‘అన్నం వండుకున్నాడు’ అంటే లాభం. ‘వేలు కోసుకున్నాడు’ అంటే నష్టం. నష్టాన్ని ఎవరూ కోరి తెచ్చుకోరు గనుక అలాంటి చోట ‘పొరపాటున’ అనే అర్థం దానంతట అదే వచ్చి చేరుతుంది. వేలు కోసుకున్నవాణ్ణి ‘కావాలని కోసుకున్నావా?’ అని అడగం కదా. ‘కాలు విరగ్గొట్టుకున్నాడు’, ‘చెయ్యి కాల్చుకుంది’, ‘తలకు బొప్పి కట్టించుకున్నాడు’ అన్నీ ఈ కోవలోవే. కాబట్టి ‘గొడుగు పారేశాను’ అంటే పాతదైపోయి పారేశారు. ‘గొడుగు పారేసుకున్నాను’ అంటే బస్సులోనో సంతలోనో పోయింది. చెత్తబుట్ట ప్రసక్తి రెండో వాక్యంలో లేదు.

అయితే రెండు మాటలూ అన్ని చోట్లా ఒకటి కావు. పోగొట్టుకోవడం బరువైన మాట. పరువు, ఉద్యోగం, ఆస్తి, అయినవాళ్లు, వీటిని పోగొట్టుకుంటాం. ‘ఉద్యోగం పారేసుకున్నాడు’ అని ఎవరైనా అంటే అందులో ఎగతాళి ఉంటుంది, చేతిలో ఉన్నదాన్ని నిర్లక్ష్యంగా వదులుకున్నాడని. పారేసుకోవడం చేతిలో పట్టుకు తిరిగే వస్తువులకు చెల్లుతుంది: చెప్పులు, ఉంగరం, చిల్లర డబ్బులు, బస్సు టికెట్టు. వస్తువులు కానివి రెండు మాత్రం ఈ క్రియను సొంతం చేసుకున్నాయి, నోరూ మనసూ. ‘నోరు పారేసుకోకు’ అంటాం, ‘మనసు పారేసుకున్నాడు’ అంటాం. ఈ రెండింట్లోనూ ‘పోగొట్టుకున్నాడు’ పెట్టి చూడండి. వాక్యం అక్కడికక్కడే చచ్చిపోతుంది. అదుపు తప్పడం, అజాగ్రత్త అనే అర్థం పారేసుకోవడంలోనే ఉంది. ఈ మాట మూలం ‘పాఱవేయు’. పాఱు అంటే పరుగెత్తు, ప్రవహించు. ఏరు పారినట్టు చేతిలోది పారిపోయిందన్నమాట.

ఇంతా చెప్పి, మీ విషయంలో ఈ రెండూ సరిపోవని చెప్పాల్సి వస్తోంది. మీ కళ్లజోడు ఇంట్లోనే ఉంది. సాయంత్రానికి ఫ్రిజ్ మీదో పూజగదిలోనో దొరుకుతుంది. పోయిన వస్తువు వేరు, కనపడని వస్తువు వేరు. ఇల్లు దాటనిదానికి తెలుగువాళ్లు రెండు క్రియలు కలిపి వాడతారు: ‘ఎక్కడో పెట్టి మర్చిపోయా’. మీ నెల్లూరు పలుకుబడిలో ‘యాడో పెట్టి మర్చిపోయా’. పెట్టింది నేనే, మరిచిందీ నేనే, వస్తువు మాత్రం క్షేమం. ఇంతకంటే నిజాయితీగా చెప్పే మాట మరో భాషలో ఉన్నా మనకు అక్కర్లేదు. ఇంటి పెద్దలు చాలామంది ఈ వాక్యం వాడరన్నది వేరే సంగతి. ‘నా కళ్లజోడు ఎవరు తీశారు?’ అనేదే వాళ్ల వాడుక. అందులో కర్త ఎవరో తెలియకపోయినా నేరం మాత్రం ఖాయం. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికిన సామెత వీళ్లను చూసే పుట్టిందేమో. నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న కళ్లజోడును వెతకడం దాని కొత్త రూపమే.

ఇదే క్రియకు ఇంకో వాడుక ఉంది. ‘గొడుగు రైల్లో మర్చిపోయాను’ అంటాం. గొడుగును మరవలేదు, తెచ్చుకోవడం మరిచారు. శుద్ధవాదులు దీన్ని తప్పుపడతారు. పట్టనివ్వండి. ‘వదిలేసి వచ్చాను’ కూడా మంచి మాటే కానీ ‘మర్చిపోయాను’ను అందరూ తడుముకోకుండా అర్థం చేసుకుంటున్నారు. భాషకు అది చాలు.

మీ మనవడి సంగతి. మూలక్రియ బండి ఱతో ‘మఱచు’. తలచు నుంచి తలపు, వలచు నుంచి వలపు వచ్చినట్టే మఱచు నుంచి మఱపు. తర్వాత రాతలో ఱ పోయి మరపు అయింది. మధ్యలో ఉన్న అచ్చు పక్కనున్న ఉకారాన్ని చూసి తానూ ఉకారమై మరుపు అయింది. గెలుపు, పిలుపుల వరసలో కలిసింది. తలపు, వలపు ఎక్కువగా కవిత్వంలో బతికాయి గనుక తలుపు, వలుపు కాలేదు. (తలుపు అయితే గడియ పెట్టుకోవాల్సి వచ్చేది.) మరుపు జనం నోట్లో నలిగింది గనుక మారింది. పుస్తకంలో మరపు ఉండొచ్చు, మీరు మరుపు అనొచ్చు. వాడి పరీక్షలో ఏది రాయాలంటే పుస్తకంలో ఉన్నదే రాయమనండి, మార్కుల గొడవ మనకెందుకు.

ఇక మీకు చివుక్కుమన్న మాట. మతి అంటే బుద్ధి, మనసు. మతి పోవడం, మతిభ్రమణం అనే మాటల నీడ పడి మతిమరుపు కూడా అదే కుటుంబమని మీకు అనిపించింది. కానీ ఇందులో మతి అంటే జ్ఞాపకం మాత్రమే. రాయలసీమ వైపు వెళితే తెలుస్తుంది: ‘ఆయన పేరు మతికి రావడం లేదు’ అంటారు, గుర్తు రావడం లేదని. ‘మతికి తెచ్చుకో’ అంటే గుర్తు తెచ్చుకో అని. మీకు ఇది మరీ దూరం కూడా కాదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి, కనిగిరి, పొదిలి మీ నెల్లూరు నుంచి వెళ్లాయి, మీ కోడలి ఒంగోలు గుంటూరు నుంచి కలిసింది. 1904కు ముందు ఆ ఒంగోలూ నెల్లూరు జిల్లాలోదే. ఇన్ని పలుకుబడులు కలిసిన చోట ఒకరి మాటను ఇంకొకరు దిద్దడం మానుకుంటే మంచిది. ఒక్కో పనిముట్టుకు ప్రాంతాన్ని బట్టి ఎన్ని పేర్లున్నాయో చూపిస్తూ మాండలిక వృత్తి పదకోశానికి శ్రీకారం చుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు పుట్టింది కూడా ఒంగోలులోనే.

అయినా బదులు మాట కావాలంటే ఉంది. అసలు మీది మతిమరుపు కాకపోవచ్చు. ‘పరాకు’ కావచ్చు, ‘ఏమరుపాటు’ కావచ్చు. మరుపు అంటే మనసులో పడిన సంగతి చెరిగిపోవడం. పరాకు అంటే ఆ సంగతి మనసులో పడనే లేకపోవడం. ఫోన్లో మాట్లాడుతూ తాళంచెవి ఎక్కడో పెడతాం. పెడుతున్నామన్న ధ్యాసే లేదు. తర్వాత గుర్తు తెచ్చుకోవడానికి లోపల ఏముంది? కుర్రవాళ్లకూ ఇది జరుగుతుంది, వాళ్లను ఎవరూ మతిమరుపు అనరు, ‘ధ్యాస ఎక్కడుంది?’ అని కసురుతారు. పెద్దవాళ్లకు జరిగితే వయసు మీదికి నెడతారు. నిజానికి వయసుతో పేర్లు వెంటనే తట్టకపోవడం మామూలే. తాళంచెవి ఎక్కడుందో తెలియకపోతే వెతుక్కోవచ్చు. తాళంచెవి దేనికో తెలియకపోతే, వెళ్లే దారే తోచకపోతే మాత్రం డాక్టరును కలవాలి. ఆ జబ్బును కొన్ని పత్రికలు ‘మతిమరుపు వ్యాధి’ అని రాస్తున్నాయి. నాకు అది నచ్చదు. కళ్లజోడు వెతుక్కునే ప్రతి మనిషికీ అనవసరమైన టెన్షన్ తెచ్చిపెట్టే మాట అది. డిమెన్షియా అని, అందులో ఒక రకాన్ని 1906లో వివరించిన జర్మన్ వైద్యుడి పేరుతో అల్జీమర్స్ అని రాస్తే చాలు, జనం అర్థం చేసుకుంటారు.

వియ్యంకుడి సామెతలోని మరళు మన మరుపు కాదు. అది మామూలు ర ఉన్న ‘మరుళు’, అంటే భ్రమ, మన ‘మరులు’కు చుట్టం. మరుపులోది బండి ఱ. తమిళంలో ఈ రెండు రకారాల తేడా ఇప్పటికీ రాతలో ఉంది: మఱది అంటే మరుపు, మరుళ్ అంటే మైకం. కన్నడిగులు మరుపును ‘మరెవు’ అంటారు. ఇంకొకటి. కన్నడంలో అరళు అంటే వికసించు, మరళు అంటే మళ్లీ వచ్చు అని కూడా. కన్నడ కవి ద. రా. బేంద్రే ‘అరళు మరళు’ అనే పేరుతో తెచ్చిన కవితా సంపుటానికి 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వియ్యంకుడు ఈసారి ఆ సామెత ఎత్తితే, ఆయన చెబుతున్నది ఏ మరళో ముందు తేల్చుకోమనండి.