విశ్వవిద్యాలయం దగ్గర ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు ఏమి చూసుకోవాలి?

మరో ఇద్దరితో కలిసి విశ్వవిద్యాలయానికి దగ్గరలో ఫ్లాట్ తీసుకోబోతున్నానని, సంతకం చేసే ముందు ఏమి చూసుకోవాలని మీరు అడిగారు. చదువుకునే రోజుల్లో నేను రెండేళ్లు అలాంటి ఊళ్లోనే అద్దెకున్నాను. మొదటి ఏడాది ఫ్లాటు చూసి మురిసిపోయి ఒప్పందం చదవకుండానే సంతకం చేశాను. రెండో ఏడాది ఒప్పందం చదివిన తరువాతే ఫ్లాటు చూడటానికి వెళ్లాను.

ముందుగా గడువు సంగతి చూడండి. తరగతులు జరిగేది తొమ్మిది పది నెలలే అయినా అద్దె ఒప్పందం సాధారణంగా దాదాపు ఏడాదికి ఉంటుంది. సెలవుల్లో గదిని మరొకరికి ఇచ్చుకోవచ్చులే అని అనుకుంటాము గాని, అప్పుడు ఊరంతా ఖాళీ గదులే కనుక సగం అద్దెకైనా మనిషి దొరకడం కష్టం. పైగా అలా ఇవ్వడానికి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వచ్చినవారు అద్దె ఎగ్గొడితే చెల్లించవలసింది మళ్లీ మీరే. పాత ఒప్పందం ముగిసే తేదీకి, కొత్తది మొదలయ్యే తేదీకి మధ్య కొన్ని రోజులు ఖాళీ పడుతుందేమో కూడా చూసుకోండి. నేను చూసుకోక, ఆ నాలుగు రోజులూ పెట్టెలతో సహా ఒక మిత్రుడి వరండాలో గడిపాను.

ఇక ముగ్గురూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం చేస్తారా, ఎవరి గదికి వారు విడిగా చేస్తారా అన్నది అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఉమ్మడి ఒప్పందంలో సాధారణంగా ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులవుతారు. మాలో ఒకరు నాలుగు నెలలకే చదువు మానేసి వెళ్లిపోయినప్పుడు, మంచివాడే అయినా అతని చేతిలో డబ్బు లేకపోవడంతో, మూడో వాటాను మేమిద్దరమే సర్దుకోవలసి వచ్చింది. మీ తల్లిదండ్రులను హామీ సంతకం అడిగితే, ఆ హామీ మీ వాటాకు మాత్రమేనా, మొత్తానికా అన్నది తప్పక చదవండి. గదికొక ఒప్పందం దొరికితే అద్దె కాస్త ఎక్కువైనా నేను దానికే మొగ్గుతాను.

డిపాజిట్ విషయానికి వస్తే, సామాను లోపల పెట్టకముందే గోడలు, నేల, స్నానాలగది, పొయ్యి, మీటర్ రీడింగ్ అన్నీ ఫొటోలు తీసి అదే రోజు యజమానికి మెయిల్ చేయండి. మేము దిగకముందే ఉన్న గోడ మరకకు మా డిపాజిట్‌లో కోత పడింది. అది పాతదని చూపడానికి మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.

క్యాంపస్‌కు ఎంత దూరమో పగటిపూట నడిచి తేల్చుకోకండి. గ్రంథాలయం మూసే వేళకు అక్కడి నుంచి ఇంటిదాకా ఒకసారి నడిస్తే వీధి దీపాలు, పక్క ఇళ్ల చప్పుళ్లు రెండూ తెలుస్తాయి. సెలవుల్లో బస్సులు తగ్గుతాయా అని కూడా విచారించండి.

చివరగా, యజమాని పక్కన లేనప్పుడు, ఇప్పుడు అందులో ఉంటున్నవారిని వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటారా అని అడగండి. రెండో ఏడాది నేను అడిగిన మొదటి ఫ్లాటులోని అమ్మాయి బదులు చెప్పకుండా వంటగదిలోకి తీసుకెళ్లి, కుళాయి కింద పెట్టిన బకెట్‌ను చూపించింది.