ఒక్క గిన్నె కూడా పారేయనివ్వరు... ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటాం. ఇద్దరు పిల్లలు. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. రెండేళ్ల కిందట మామయ్యగారు పోయాక, తెనాలి దగ్గర పల్లెలో ఉండే అత్తయ్యను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడతోపాటు వ్యాను నిండా సామాను వచ్చింది. ఇత్తడి బిందెలు, గంగాళం, ట్రంకు పెట్టెలు, జాడీలు, బొంతలు. అటక నిండిపోయింది, బాల్కనీలో బట్టలారేయడానికి కూడా చోటు లేదు. ఖాళీ స్వీటు డబ్బా పారేద్దామన్నా ఒప్పుకోరు. పోయిన నెల ఆవిడ గుడికి వెళ్లినప్పుడు ఒక పాత స్టీలు బిందె, చిరిగిన బొంత వాచ్‌మన్ భార్యకు ఇచ్చేశాను. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు, ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటున్నారు. మావారు 'మీరూ మీరూ చూసుకోండి' అంటారు. ఇంటికి ఎవరైనా వస్తామంటే చాలు, టెన్షన్. ఈ ఇల్లు సర్దుకునే దారేదైనా చెప్పండి.

జవాబు: ముందు ఆ బిందె సంగతి తేల్చుకుందాం. ఇచ్చేసే ముందు దాని మెడ దగ్గర ఏం రాసుందో చూశారా? పెళ్లికో గృహప్రవేశానికో పెట్టిన స్టీలు సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించడం మనవాళ్ల అలవాటు. మీకది సొట్టపోయిన బిందె. ఆవిడకు దాని మీద పుట్టింటివాళ్లెవరో ఉండి ఉండొచ్చు, మామయ్యగారే ఉండి ఉండొచ్చు. వాచ్‌మన్ భార్యకు కొత్తది కొనిచ్చి పాతది వెనక్కి తెచ్చుకోగలిగితే తెచ్చేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. దొరక్కపోతే, 'అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా ఇచ్చేశాను, తప్పు నాదే' అనండి. అక్కడితో ఆపండి. 'కానీ ఇంట్లో చోటు లేదు కదా' అని తగిలించారంటే చెప్పిన క్షమాపణంతా వృథా.

ఆవిడ వైపు నుంచి ఒకసారి చూడండి. భర్త పోయాడు, సొంత ఇల్లు పోయింది, వీధిలో పలకరించే మనుషులు పోయారు. ఏళ్ల తరబడి తన చేతుల్లో ఉన్న వంటిల్లు ఇప్పుడు మీది. 'ఇది ఉంచండి, ఇది తీయండి' అని ఆవిడ చెప్పగలిగేది ఆ వ్యాను సామాను గురించే. అది కూడా గుడికి వెళ్లొచ్చేసరికి ఆవిడ చేతుల్లోంచి జారిపోయింది. పైగా పాత బట్టలు మూటకట్టి దాచి, స్టీలు సామాన్లవాడితో గంటసేపు బేరమాడి ఒక గిన్నె తీసుకున్న తరం అది. ఆ చేత్తో మూత గట్టిగా ఉన్న డబ్బాను చెత్తబుట్టలో వేయమంటే ఎలా వేస్తారు?

ఇదేమైనా జబ్బేమోనని మీకు లోలోపల అనుమానం ఉండొచ్చు. పనికిరానివి కూడా వదల్లేక పోగేసుకోవడాన్ని అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5లో, అంటే మానసిక రుగ్మతలను వర్గీకరించే పుస్తకంలో, ప్రత్యేక రుగ్మతగా చేర్చారు. అయితే అది వేరే స్థాయి. మంచం మీద పడుకోలేక, పొయ్యి దగ్గరికి వెళ్లలేక, గదులు గదులుగా వాడకానికి పనికిరాకుండా పోతాయి. మీ ఇంట్లో అలా లేదు. ఒకవేళ ఆవిడ కొత్తగా చిత్తు కాగితాలు, వాడేసిన కవర్లు దాచడం మొదలుపెట్టి, దానికి మతిమరుపు కూడా తోడైతే డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకండి.

ఇక సర్దుడు. మీ ఉత్తరంలో అత్తయ్య సామాను లెక్క ఉంది, మీ సామాను లెక్క లేదు! పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు ఎన్ని ఉన్నాయి? పిల్లల పుట్టినరోజులకు వచ్చిన రిటర్న్ గిఫ్టులు? హోటల్ నుంచి బిర్యానీ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు? కవర్లన్నీ కుక్కి తలుపుకు తగిలించిన ఆ పెద్ద కవరు? మొదలు అక్కడ పెట్టండి. పెద్దావిడ ఎదురుగా మీ వస్తువులు మీరు తీసేస్తుంటే, ఇంట్లో తనొక్కదాని మీదే కత్తి వేలాడటం లేదని ఆవిడకే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే బీరువా మొత్తం మంచం మీద గుమ్మరించకండి. మధ్యాహ్నానికి ఓపిక అయిపోతుంది, రాత్రికి అదంతా మళ్లీ బీరువాలోకే పోతుంది. రోజుకు ఒక సొరుగు, అరగంట, అంతే. డబ్బాలకు వంటింట్లో ఒకే అర కేటాయించండి. మూతలేని డబ్బా, డబ్బాలేని మూత ముందు బయటికి. ఆ అర నిండాక కొత్త డబ్బా వస్తే పాతదొకటి వెళ్లాలి. దీనికి ఎవరితోనూ వాదించక్కర్లేదు, ఎంత పడుతుందో అరే చెప్తుంది. మందుల డబ్బాలో తేదీ దాటినవి తీసేయండి. కాగితాల్లో ఇంటి రిజిస్ట్రేషన్, లింకు డాక్యుమెంట్లు, ఇన్సూరెన్స్ పాలసీలు ఒకే ఫైల్లో ఉంచి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. ఒక్క మాట: సర్దుకుందామనుకోగానే చాలామంది చేసే మొదటి పని ఆన్‌లైన్లో ఆర్గనైజర్ డబ్బాలు ఆర్డర్ పెట్టడం. దయచేసి వద్దు. సామాను తగ్గాక చూస్తే వాటి అవసరమే ఉండదు.

రెండు మూడు వారాలు ఇలా గడిచాక అత్తయ్య దగ్గరికి వెళ్లండి. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క ట్రంకు పెట్టె దింపించండి. రోజుకు ఒకటే. 'ఇది కావాలా?' అని అడక్కండి, కావాలనే అంటారు. 'ఇది ఎవరికిద్దాం అత్తయ్యా?' అనండి. కూతురికా, పెళ్లి కావాల్సిన మనవరాలికా, ఊళ్లో తోడికోడలికా? పారేయడానికి రాని చెయ్యి పెట్టడానికి వస్తుంది. మధ్యలో ఆ గంగాళం ఎవరి పెళ్లిలో కొన్నారో చెప్పడం మొదలుపెడితే వినండి. ఆ రోజు పెట్టె సగమే అయినా పర్వాలేదు.

ఇత్తడిలో ఒకటి రెండు వాడకంలోకి తెండి. గంగాళంలో నీళ్లుపోసి పూలు వేసి గుమ్మం దగ్గర పెడితే అటక మీద ఒక గంగాళం తగ్గినట్టే. వండాలనుకుంటే మాత్రం ముందు కళాయి పూయించండి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే చిలుం పట్టి కడుపు పాడవుతుంది. ఎవరికీ వద్దన్నవి పాత్రల కొట్లో తూకానికి తీసుకుంటారు. ఆవిడను వెంట తీసుకెళ్లండి, వచ్చిన డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టండి. మామయ్యగారి బట్టలు, కళ్లజోడు, చేతికర్ర జోలికి మాత్రం మీరుగా వెళ్లొద్దు. ఒక పెట్టెకు ఆవిడ తాళం ఆవిడే వేసుకోనివ్వండి. అందులో ఏముందో మీకు తెలియాల్సిన పనిలేదు.

చివరగా మీవారి సంగతి. 'మీరూ మీరూ చూసుకోండి' అంటే కుదరదు. ఆవిడ ఆయన తల్లి. సామాను వ్యానెక్కించిన రోజు 'అమ్మా, ఇందులో ఏవి ముఖ్యం?' అని పక్కన కూర్చుని అడగాల్సింది ఆయనే. ఆ మాట ఇప్పుడైనా అడగొచ్చు. అక్కకో చెల్లికో ఫోన్ చేసి ఏది ఎవరికి వెళ్లాలో మాట్లాడటం కూడా ఆయన పనే, మీరు చేస్తే కోడలు అత్త సామాను పంచేస్తోందన్న మాట వస్తుంది. అటక మీద టీవీ అట్టపెట్టె, పాత ఫోన్ల డబ్బాలు, దేనివో తెలియని చార్జర్లు ఎవరివో కూడా ఆయన్నే అడగండి. వారంటీకి సాధారణంగా అడిగేది బిల్లునే. పాత ఫోన్లలో డేటా చెరిపేసి, వైర్లతో సహా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వమనండి, చెత్తబండిలో వేయొద్దు. నిచ్చెనెక్కి పెట్టెలు దింపే పని కూడా ఆయనదే. ఈ ఆదివారం మొదటి పెట్టెకు ఆయన్ను ఇంట్లో ఉండమనండి.