అంబలి కుండ దగ్గర జాగ్రత్త

శ్రావణీ,

నువ్వు ప్రాజెక్టు కోసం సీతంపేట వైపు కొండ ఊళ్లలో డైట్ సర్వేకి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నా మేనకోడలివనిపించావు. అయినా వానాకాలంలో, మలేరియా రోజుల్లో ఎవరు వెళ్లమన్నారే నిన్ను? దోమతెర లేకుండా కదిలావంటే ఊరుకోను.

తూకం, కొలత కప్పులు, బ్యాటరీలు సర్దుకో. పండగ మర్నాడు "నిన్నేం తిన్నారు" అని అడగకు. రాసింది బియ్యం బరువో, వండిన అన్నం బరువో స్పష్టంగా ఉండాలి, లేకపోతే కేలరీలు రెండు మూడింతలు తేడా వస్తాయి. ఇవన్నీ మీ మేడమ్ చెప్పే ఉంటారు.

అంబలి సంగతి చెప్పి ఉండరు. నేను ఫీల్డ్‌లో తిరిగేటప్పుడు మా టీమ్‌లో ఓ సీనియర్ ఉండేవాడు, కొలతల్లో దిట్ట. ఒక బాలింత తాగిన చెంబు ఎంత పడుతుందో నీళ్లు పోసి మరీ కొలిచాడు. పొద్దున కుండలో ఎంత చోడిపిండి (రాగిపిండి) వేశారో, ఎంత అంబలి అయిందో అడిగి భాగించాడు. కాగితం మీద ఆమెకు లోటే లేదు. మర్నాడు అదే ఇంట్లో నేను కూర్చున్నాను. పొలానికి వెళ్లే మగవాళ్లు తాగినప్పుడు అంబలి గరిటెకు అంటుకునేంత చిక్కగా ఉంది. వాళ్లు వెళ్లాక అత్తగారు కుండలో చెంబుడు నీళ్లు కుమ్మరించింది. పిల్లలు తాగారు. మళ్లీ నీళ్లు. ఆ బాలింత బిందెలు మోసి, బిడ్డకు పాలిచ్చి వచ్చేసరికి కుండలో మిగిలింది తేట. చెంబు అదే, నిండుగానే ఉంది. పిండే లేదు.

వంద గ్రాముల చోడిపిండికి దాదాపు 320 కేలరీలు, నీళ్లకు సున్నా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 లెక్కలో మోస్తరు పని చేసే ఆడమనిషికి రోజుకు 2130 కావాలి, పాలిచ్చే మొదటి ఆరు నెలలూ దానిమీద ఇంకో 600. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే పలచన అందుతోంది, ఫారంలో దానికి గడే లేదు. ఎన్నిసార్లు నీళ్లు కలిపారో అడుగు. వీలైతే ఆమె తాగే వేళకు అక్కడే ఉండు. "అందరితో పాటే తిన్నాను" అంటే రాసేసుకోకు. మీ నానమ్మ కూడా బతికినన్నాళ్లూ అదే మాట చెప్పింది. ఆమె కంచంలో కూర ఎంత ఉందో మీ నాన్నా నేనూ ఏనాడూ తొంగి చూడలేదు.

పసివాళ్లను సగం మనిషి లెక్కన వేసేయకు. ఏడాది బిడ్డ, ఒంటి సైజును బట్టి చూస్తే, పెద్దవాళ్లకన్నా సగం ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుందని 2021లో వచ్చిన డబ్లీ లేబుల్డ్ వాటర్ (గుర్తు పెట్టిన నీళ్లు తాగించి ఒంటి శక్తి ఖర్చు కొలిచే పద్ధతి) పరిశోధన తేల్చింది. ఇరవై నుంచి అరవై దాకా ఆ ఖర్చు పెద్దగా మారదనీ అందులోనే ఉంది, నా నడుముకున్న సాకు కాస్తా పోయింది. అరవై దాటాక తగ్గుతుంది నిజమే. కానీ పళ్లు లేక తిండి మానేసిన ముసలమ్మను "వయసు కదా" అని వదిలేయకు, ఆమెను విడిగా అడుగు.

నువ్వు మాత్రం పొద్దున్నే తిని బయల్దేరు. ఏ ఇంట్లోనైనా నీకు గ్లాసు అంబలి పెడితే వద్దనకు, తాగు. ఆ గ్లాసు కూడా వాళ్ల కుండలోదే, ఇంటి లెక్కలోంచి తీసేసి రాయి.

మీ అత్త