ఆ ఐదు నిమిషాల గురించి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. సిటీ కౌన్సిల్‌కి నిలబడ్డ మన తెలుగాయన వచ్చే ఆదివారం ఆరాధనలో ఐదు నిమిషాలు మాట్లాడతానన్నాడని ఫోన్‌లో చెప్పావు. ట్రెజరర్ పని తీసుకుని నెల తిరక్కుండానే ఈ మొహమాటం వచ్చి పడింది. టెన్షన్ పడకు, కానీ సరే అనకు.

అమెరికాలో చర్చికి పన్ను లేదు, కానుక ఇచ్చినవాళ్లు దాన్ని తమ పన్ను లెక్కలో చూపించుకోవచ్చు. దానికొక షరతు ఉంది. 1954లో టెక్సాస్ సెనేటర్ లిండన్ జాన్సన్ దాన్ని పెట్టించాడు: ఏ అభ్యర్థి తరఫునా, ఏ అభ్యర్థికి వ్యతిరేకంగానూ సంస్థ ప్రచారం చేయకూడదు.

చర్చిల జోలికి ఎవరొస్తారులే అని నీతో చాలామంది అంటారు. రావడం అరుదే. కానీ న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్టన్ దగ్గర పియర్స్ క్రీక్ చర్చి సంగతి తెలుసుకో. 1992 ఎన్నికలకి నాలుగు రోజుల ముందు బిల్ క్లింటన్‌కి ఓటెయ్యొద్దని రెండు పెద్ద పేపర్లలో ప్రకటన ఇచ్చారు. ఆ ఖర్చుకి విరాళాలు పంపమని, వాటికి పన్ను మినహాయింపు ఉందని దాని కిందే వేశారు. 1995లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఆ చర్చికున్న మినహాయింపు తీసేసింది. 2000లో అప్పీలు కోర్టు కూడా అది సరైనదే అంది.

2025 జులైలో ఐఆర్ఎస్ ఒక టెక్సాస్ కోర్టులో, ఆరాధనలో సొంత సంఘంతో ఎన్నికల గురించి మాట్లాడటం ఈ షరతు కిందికి రాదని చెప్పింది. ఇక అడ్డేముంది అని ఎవరైనా అంటే తొందరపడకు. ఆ మాటతో చట్టంలో రాసి ఉన్నది చెరిగిపోలేదు. కరపత్రాలకీ ప్రకటనలకీ సంఘం డబ్బు పెట్టొచ్చని అందులో అసలే లేదు.

నాకు చట్టం కంటే ఎక్కువ నేర్పింది ఒక పెద్దావిడ. మనవాడొకడు స్కూల్ బోర్డుకి నిలబడితే, ప్రేమవిందు రోజు బిర్యానీ ట్రేల పక్కన అతని కరపత్రాలు పెట్టింది నేనే. పైగా సంఘం ప్రింటర్ మీదే తీశాను. ఆవిడ ఒకటి తీసి చూసి, "బాబూ, నా కానుకలోంచేనా ఇది?" అంది. కొడుకు ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ, చేతికొచ్చిన దాంట్లోంచి నెలనెలా ఇరవై డాలర్లు కవర్లో పెట్టి ఇచ్చే మనిషి. ఆవిడకి నా దగ్గర జవాబు లేకపోయింది. నువ్వు లెక్క చూసే ప్రతి కవరు వెనకా అలాంటి మనిషి ఉంటుంది.

అలాగని రాజకీయం ఊసే ఎత్తకూడదని కాదు. అధికారుల కోసం ప్రార్థించండి. పార్టీ పేరెత్తకుండా ఓటరు నమోదు పెట్టండి. హాలు అద్దెకిస్తే అందరు అభ్యర్థులకీ ఒకటే అద్దె, ఒకటే నియమం. పాస్టర్ గారు తన ఇంటి ముందు ఎవరి బోర్డైనా పాతుకోవచ్చు, చర్చి పచ్చికలో మాత్రం వద్దు. సంఘం వాట్సాప్ గ్రూపు కూడా సంఘానిదే, అది మర్చిపోతారు మనవాళ్లు.

ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యి. "అన్నా, కుటుంబంతో ఆరాధనకి రండి, భోజనం చేసి వెళ్లండి. మైకు మాత్రం ఇవ్వలేం, ఎవరికీ ఇవ్వం" అని చెప్పు. శనివారం దాకా ఆగకు, ఈ రాత్రే చెప్పేయ్.

మీ అన్న