స్ట్రాబెర్రీకి ఈతబెల్లం తోడు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

పర్లాకిమిడి

బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి మీ అత్తగారి తరఫువాళ్ళంతా సునాబెడ వస్తున్నారనీ, పంచదార వెయ్యకుండా స్ట్రాబెర్రీలతో చల్లగా ఏదైనా చేసిపెట్టాలనుందనీ అడిగావు. టెన్షన్ పడకు. పొయ్యి దగ్గర పది నిమిషాల పని. జాగ్రత్తంతా పళ్ళు కొనడంలోనే ఉంది.

స్ట్రాబెర్రీ మామిడికాయలా ఇంట్లో ముగ్గే రకం కాదు. కోసేటప్పటికి ఎంత పండిందో అంతే. తొడిమ దగ్గర తెల్లగా ఉన్న పండును రెండు రోజులు దాచినా మెత్తబడుతుంది కానీ తీపెక్కదు. అందుకే పైవరుస నిగనిగలాడుతోందని డబ్బా తీసేసుకోకు. తిరగేసి అడుగు చూడు. అక్కడ చెమ్మ పట్టినా, ఒక్క పండు బూజు పట్టినా వద్దని చెప్పు. సైజు చూడక్కర్లేదు. చిన్నవైనా సరే, తొడిమ దాకా ఎర్రగా ఉండాలి, మూత తియ్యగానే వాసన రావాలి. ఇంటికి తెచ్చి కడిగి ఫ్రిజ్‌లో పెట్టకు, తొందరగా పాడవుతాయి. చేసే ముందు తొడిమలతోనే కడిగి, బట్ట మీద ఆరాక తొడిమలు తియ్యి. తొడిమ తీశాక కడిగితే ఆ గుంటలోంచి నీళ్ళు పట్టి పండు చప్పబడుతుంది.

ఇక తీపి సంగతి. నువ్వు తేనె అనుకుంటున్నావు. నన్నడిగితే ఈతబెల్లమే. స్ట్రాబెర్రీ, ఈతబెల్లం రెండూ చలికాలం సరుకే, ఒకేసారి తాజాగా దొరుకుతాయి. మన గజపతి జిల్లా ఈతబెల్లానికి ఒడిశా ఖజూరీ గుడ పేరుతో 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు, కూడా వచ్చింది. సాయంత్రం చెట్టుకు కుండ కట్టి, తెల్లారి ఎండ తగలకముందే దింపి కాస్తారు. ఎండెక్కితే నీరా పులిసిపోతుంది, ఆ పులుపు బెల్లంలోనూ తెలుస్తుంది. కాబట్టి కొనేముందు చిన్న పలుకు నోట్లో వేసుకుని చూడు. పుల్లగా గానీ ఉప్పగా గానీ తగిలితే తీసుకోకు. అది దొరక్కపోతే చెరకుబెల్లం వాడు, కానీ పసుపుపచ్చగా మెరిసేది మాత్రం వద్దు. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగుదే నయం.

ముందురోజు రాత్రి లీటరు చిక్కటి పాలు తోడుపెట్టిన పెరుగును పల్చటి బట్టలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. పెరుగు పుల్లబడకుండా చూసుకో. పొద్దుటికి నీరంతా కారి మీగడలా గట్టిపడుతుంది. పాలు మాత్రం వాడకు. పండు పులుపు తగలగానే విరుగుతాయి.

వంద గ్రాముల బెల్లం తురిమి, నాలుగు చెంచాల నీళ్ళు పోసి సన్నసెగ మీద కరిగించు. తప్పకుండా బట్టలో వడకట్టు, అడుగున ఇసుక, నలుసులు మిగులుతాయి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి రెండు మూడు పొంగులు రానిచ్చి దింపెయ్. తీగపాకం రానివ్వకు, చల్లారాక చెంచాకు అతుక్కుపోతుంది. వేడిమీద పల్చగా అనిపించినా కంగారుపడకు, చల్లారితే చిక్కబడుతుంది. పూర్తిగా చల్లారే దాకా పండు మీద పొయ్యకూడదు.

అర కిలో పళ్ళను నిలువునా నాలుగేసి ముక్కలు కోసి, చెంచాడు పాకం, చిటికెడు ఉప్పు వేసి పైకీ కిందకీ కలిపి పావుగంట వదిలెయ్. తీపీ ఉప్పూ కలిసి పండులో నీటిని బయటికి లాగుతాయి. గిన్నె అడుగున ఎర్రటి రసం ఊరుతుంది. ఈ వంటకానికి ప్రాణం ఆ రసమే, పారబొయ్యకు. అప్పుడొక ముక్క తిని చూసి, మిగతా పాకం ఎంత కావాలో తేల్చుకో. పళ్ళు తియ్యగా ఉంటే సగం చాలు. గ్లాసులో అడుగున పెరుగు, మీద ముక్కలు, వాటి రసం, చివర పాకం సన్నటి ధారగా. అంతా కలిపేస్తే బెల్లం రంగుకు పండు ఎరుపు కనపడకుండా పోతుంది. యాలకుల పొడి చల్లాలనిపిస్తుంది నీకు, చల్లకు. స్ట్రాబెర్రీ వాసన సున్నితం, యాలకి దాన్ని మింగేస్తుంది. జీడిపప్పు పలుకులు నాలుగు వేస్తే వెయ్యి. ఇది ఐదారుగురికి వస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. మీ మావగారికి షుగరు కదా, బెల్లమే కదా అని ఆయన గ్లాసులో పాకం పొయ్యకు. బెల్లమైనా తేనైనా ఒంట్లోకి వెళ్ళాక చక్కెరే. ఆయనకు పాకం కలపని ముక్కలు విడిగా తీసి, పెరుగుతో ఇవ్వు. తేనే కావాలంటే కాచకుండా చివర్లో పైన వెయ్యి, వేడికి దాని వాసన పోతుంది. మీ ఆడపడుచు చంటివాడికి మాత్రం తేనె నాలుకకు కూడా రాయనివ్వకు. ఏడాది నిండని పిల్లలకు అది ప్రమాదం. పెద్దవాళ్ళు ఎవరైనా నాకిద్దామంటే నా పేరు చెప్పి ఆపు.

వానలు మొదలయ్యాక నేరేడుపళ్ళతోనూ ఇలాగే చెయ్యొచ్చు. గింజలు తీసి, పాకం ఇంకొంచెం పోసి, గంటసేపు ఊరనివ్వాలి, వగరు తగ్గుతుంది. మిగిలిన పాకం గాజుసీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో, దోసెల్లోకి పనికొస్తుంది. గ్లాసులు మాత్రం వడ్డించే ముందే నింపు. ముందే నింపితే పండు నీరు దిగి పెరుగు పల్చబడుతుంది.

పెద్దమ్మ