కేసు తేలకముందే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి క్లబ్బు సస్పెండ్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఆట ఆపడం వేరు, జీతం ఆపడం వేరు.

నేరం రుజువయ్యేదాకా నిర్దోషే అన్న సూత్రం శిక్ష వేసే కోర్టును కట్టడి చేస్తుంది. క్లబ్బుకూ ఆటగాడికీ మధ్య ఉన్నది ఉద్యోగ ఒప్పందం. జట్టు పరువు, ఫిర్యాదు చేసినవాళ్ల భద్రత చూసుకుని అతణ్ణి కొన్నాళ్లు పక్కన పెట్టే వీలు అందులో సాధారణంగా ఉంటుంది. మన నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రభుత్వ ఉద్యోగి అరెస్టై 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. అయినా ఇల్లు గడవడానికి జీవనభృతి ఇస్తారు, మొదట్లో దాదాపు సగం జీతం. ఇది న్యాయమైన పద్ధతి.

ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ సిటీలో అప్పట్లో డిఫెండర్‌గా ఉన్న బెంజమిన్ మెండీ సంగతి చూడండి. 2021 ఆగస్టులో లైంగిక నేరాల అభియోగాలు నమోదు కాగానే క్లబ్బు సస్పెండ్ చేసింది, తర్వాతి నెల నుంచి జీతమూ ఆపేసింది. 2023 జులై నాటికి అన్ని అభియోగాల్లోనూ అతను నిర్దోషిగా బయటపడ్డాడు. ఆపేసిన జీతంలో ఎక్కువ భాగం అతనికి రావాల్సిందేనని 2024 నవంబరులో ఉద్యోగ ట్రైబ్యునల్ తేల్చింది. తీర్పుకు ముందు రిమాండులో జైల్లో ఉన్న నెలలకు మాత్రం ఆ హక్కు లేదంది. అప్పటికి ఆ క్లబ్బుతో ఒప్పందం ముగిసిపోయింది. ఆటగాడి జీవితంలో రెండేళ్లంటే చాలా పెద్ద కాలం, దాన్ని ఏ ట్రైబ్యునలూ తిరిగి ఇవ్వలేదు.

సస్పెండ్ చేశారంటే తప్పు చేసే ఉంటాడని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సస్పెన్షన్ తీర్పు కాదు, తీర్పు వచ్చేదాకా చేసే తాత్కాలిక ఏర్పాటు మాత్రమే.